బొంత కింద పెద్ద సారు

ఆ రోజుల్లో, అంటే మరీ వెనకటి మాట కాదు, పదేళ్లకు అటూ ఇటూ, నాకు నా గొంతంటే భయంగా ఉండేది. మనిషి తన ముఖాన్ని రోజూ అద్దంలో చూసుకుంటాడు కనుక దానితో ఏదో ఒక రాజీకి వస్తాడు. గొంతు సంగతి అలా కాదు. అది ఎలా ఉంటుందో చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది, సొంతదారుకు తప్ప. నా విషయంలో ఆ లోటును బడి స్నేహితులు చిన్నప్పుడే తీర్చారు. జాతరలో అమ్మే బుడగ పీపీని తలచుకుని నాకు ‘పీపీ’ అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్లు వచ్చి, వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చి, మీసం అనదగ్గది ఒకటి మొలిచినా ఆ పేరు పోలేదు. ఫోనెత్తి "హలో" అంటే అవతలివాళ్లు "అక్కా, అన్న ఉన్నడా?" అని అడిగేవాళ్లు. (మొదట్లో సరిదిద్దేవాణ్ని. తర్వాత్తర్వాత "లేడు" అని పెట్టేయడమే సుఖమనిపించింది.) అలాంటివాడికి మొట్టమొదటి ఉద్యోగం గొంతుతో చేసేదే దొరికింది.

నిజామాబాద్‌లో ఒక చిన్న సంస్థ ఉండేది. చెరకు, పసుపు, వరి వేసే రైతులకు పొద్దున ఏడు గంటలకు ఫోన్ చేసి, రికార్డు చేసిన సలహా ఒకటి వినిపించేది. ఏ ఎరువు ఎప్పుడు వేయాలి, ఏ తెగులుకు ఏం చేయాలి, అంతా కలిపి నిమిషంన్నర. అంతకుముందు చదివే ఆయన వేరే పని చూసుకుని వెళ్లిపోవడంతో మేనేజరు మేడం నన్ను తీసుకున్నారు. "పంట తెలిసినోనివి, మన దిక్కు మాట తెలిసినోనివి. రాసుడు నువ్వే, చదువుడు నువ్వే. స్టూడియో గిట్ల లేదు. ఇంట్ల రికార్డు చేసి పంపు. మూడు నెలలు సూస్త. మంచిగ లేకుంటే హైదరాబాద్‌ల పెద్ద గొంతున్నోళ్లు ఉన్నరు, వాళ్లకు ఇస్త" అన్నారు. ఆమె ఉన్నమాట అన్నారు. కానీ ఆ ‘పెద్ద గొంతు’ అన్న ముక్క మా ఊరు బోధన్‌కు బస్సు ఎక్కాక కూడా నా చెవిలోనే ఉంది.

ఉద్యోగం వచ్చిన ఉత్సాహంలో ఆన్‌లైన్లో తళతళలాడే మైకు ఒకటి తెప్పించాను. మూడు కాళ్ల మీద నిలబడి, నీలం దీపం వెలిగించుకుని, చూడ్డానికి ఏదో పరిశోధనశాలలో వస్తువులా ఉండేది. దానికున్న జబ్బల్లా ఒకటే, అది అన్నీ వినేది. మా ఇంటి వెనకే పిండి గిర్ని. ముందు వెంటిలేటర్లో పావురాల కాపురం. వంటింట్లో మా అవ్వ. (మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం.) గిర్ని ఆగాలంటే కరెంటు పోవాలి. అందుకని నేను కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ, పోగానే ల్యాప్‌టాప్ ముందుకు పరుగెత్తేవాణ్ని. ఊళ్లో కరెంటు పోతే సంతోషించే మనిషిని నేనొక్కణ్నే అయి ఉంటాను. అంత జాగ్రత్తపడి రికార్డు చేసిన రెండో వారం సందేశంలోనే, యూరియా ఎంత వేయాలో చెబుతున్న నా వెనకాల మా అవ్వ గొంతు స్పష్టంగా వినిపించింది: "పప్పుల ఉప్పేసిన్నా లేదా, సమజైతలేదు." నేను గమనించకుండా పంపేశాను. అది కొన్ని వందల ఫోన్లలో మోగింది. ఆ రోజంతా ఆఫీసుకు రైతుల ఫోన్లు. యూరియా గురించి ఒక్కరూ అడగలేదు. "మేడమ్, ఉప్పు ఏసిండ్రా మరి?" అనే అందరూ.

మేడం నవ్వలేదు. "ఇంకోపారి గిట్లయితే నేను చెప్పేదేం లేదు" అన్నారు, అంతే. మా బస్టాండు దగ్గర మైకుసెట్ల దుకాణం నడిపే చాచా దగ్గరకు నేను వెళ్లింది అలాంటి పరిస్థితిలో. పెళ్లిళ్లకు, ఉర్సులకు, బోనాలకు అన్నిటికీ ఒకప్పుడు ఆయన సెట్టే. పెద్ద పెద్ద డీజే డబ్బాలు వచ్చాక ఆయన పని తగ్గి, దుకాణంలో బిగించిన సామాను కంటే విప్పిన సామానే ఎక్కువైంది. నా గోడు విని చాచా బల్ల కింద నుంచి ఒక రేకు పెట్టె లాగి, అందులోంచి గుడ్డలో చుట్టిన మైకు తీశాడు. చేతిలో పెడితే ఇనుప రోకలి ముక్కలా బరువు. జాలీ ఒకవైపు సొట్టపోయి ఉంది. పక్కన ఒక స్విచ్చు, దాని మీది అక్షరాలు ఎన్ని బొటనవేళ్లు రాసుకున్నాయో, పూర్తిగా చెరిగిపోయాయి.

"గిది నా షాదీ కంటే ముందుది బేటా. బ్యాటరీ వద్దు, దీపం వద్దు. లోపల ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, గంతే. మాట తాకితే తీగ కదులుతది, కరెంటు పుడుతది" అన్నాడు. "నీ మెరిసే మైకు గల్లీల ముచ్చట్లన్నీ ఇంటది. ఇది మోటది. దూరపోల్ల మాట దీనికి పట్టదు. దగ్గరికొచ్చినోనిదే ఇంటది." తర్వాత తన కుడిచేతి నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి, మైకుకూ నా మూతికీ మధ్య అడ్డంగా పెట్టి కొలిచాడు. "గింతే దూరం. యాదుంచుకో." ల్యాప్‌టాప్‌కు తగిలించడానికి తీగ చివర పిన్ను మార్చి, శబ్దాన్ని కొంచెం పెంచే చిన్న డబ్బా ఒకటి మధ్యలో కట్టాడు. ఎంతివ్వాలని అడిగితే విసుక్కున్నాడు. "మూల పడున్నది తీసుకపో. పని చేస్తే వచ్చి చెప్పు, అది చాలు."

తర్వాత వారం రోజులు నాకు తిండి ధ్యాస లేదు. ఒక వస్తువు ఎందుకలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలం అంతకుముందు చదువులో ఎప్పుడైనా కలిగి ఉంటే నా మార్కులు ఇంకోలా ఉండేవి. ముందు గిర్ని నడుస్తుండగా రికార్డు చేసి విన్నాను. నిజంగానే గిర్ని ఎక్కడో పక్క ఊళ్లో ఉన్నట్టుంది. పావురాలు లేవు. కానీ మాట వెనక సన్నగా "మ్‌మ్‌మ్" అని ఒక రొద. తీగలు మార్చాను, గది మార్చాను, పోలేదు. మైకును చేత్తో పట్టుకుంటే రొద తగ్గుతుంది, వదిలితే మొదలు. రెండు రోజులు దాన్ని పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం చూసి అవ్వ గుమ్మంలో నిలబడి, "దాని నాడి సూస్తున్నవారా?" అంది. చివరకు ల్యాప్‌టాప్ చార్జరు పీకేస్తే రొద మాయం! అయితే ఆ ముసలి ల్యాప్‌టాప్ చార్జరు లేకుండా ఇరవై నిమిషాల కంటే బతకదు. అంటే సందేశమంతా ఆ ఇరవై నిమిషాల్లోనే చదివి ముగించాలి. తర్వాత తేలిన చిక్కు ‘ప’ అక్షరం. పసుపు, పొటాష్, పురుగు, పంట, వ్యవసాయంలో ముఖ్యమైనవన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయని అప్పుడే తెలిసింది. దగ్గరగా చదివితే ప్రతి ‘ప’కూ టపాకాయ పేలినట్టు "ధబ్" మనేది. మైకు ముందు చాయ్ జాలీ కట్టి, మూతికి సూటిగా కాక కొంచెం పక్కకు వంచి పెట్టాక పేలుళ్లు ఆగాయి. (వారం రోజులు మా ఇంట్లో చాయ్ ఆకులతో సహా తాగాం.) గది గోడల మోత తగ్గడానికి అవ్వ పాత చీరలతో కుట్టిన బొంత నెత్తిన కప్పుకున్నాను.

ఇంత చేశాక అసలు విచిత్రం బయటపడింది. బొంత కింద, బెరుకుతోనో ఏమో, నాలుగు వేళ్ల దూరం మరిచి ఒక వేలు దూరానికి జరిగి చదివాను. విని అదిరిపడ్డాను. ఎవరో యాభై ఏళ్ల మనిషి, నిండుగా భోంచేసి, కుర్చీలో వెనక్కి వాలి, లోకంలోని చెరకంతా తనదే అన్నట్టు మాట్లాడుతున్నాడు. నమ్మకం కుదరక జానెడు వెనక్కి జరిగి మళ్లీ చదివాను. పీపీ. మళ్లీ దగ్గరికి. పెద్దమనిషి. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక మధ్యాహ్నమంతా గడిపాను. పరుగెత్తుకెళ్లి చాచాను అడిగితే, ఆయనకు అది వింతే కాదు. "అన్నీ గసొంటియే బేటా. మూతికి ఆనిస్తే గొంతు కిందికి దిగుతది. షాదీల్ల లీడర్లు మైకును మింగినట్టు ఎందుకు మాట్లాడుతరనుకున్నవ్?"

సందేశం పంపిన రోజు మేడం ఫోన్ చేశారు. "ఎవరిదిరా గీ గొంతు? మీ బాపుదా?" "నాదే మేడమ్." "ఏం తిన్నవో గాని, అదే తినుకుంట ఉండు" అన్నారు. హైదరాబాదు మాట మళ్లీ రాలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆఫీసుకు ఫోన్ చేసే రైతులు "గా పెద్ద సారు చెప్పిండు గదా" అనడం మొదలుపెట్టారు. నేను ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. కాకపోతే వద్దని కూడా అనుకోలేదు.

ఆ చలికాలం రుద్రూర్ పక్క పల్లెలో రైతుల సమావేశం పెట్టి, బ్యానర్ కట్టడానికి, పేర్లు రాసుకోవడానికి మేడం నన్ను పంపారు. అక్కడే తలకు ఎర్ర రుమాలు చుట్టిన ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. ఊరంతా ఆయన్ని రుమాలు కాక అంటారట. "పెద్ద సారు రాలే బిడ్డా?" అని అడిగాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి నా అసలు గొంతు వస్తుందని గుర్తొచ్చి సగంలోనే ఆగిపోయాను. "సారుకు తీరిక లేదు కాకా" అన్నాను. ఆయన ఇంటికి వెళ్లి, ఆకులో చుట్టిన కొత్త బెల్లం ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సారుకియ్యి. ఆయన చెప్పినట్టే ఎర్రకుళ్లు తెగులు తగిలిన దుబ్బులన్నీ పీకి కాలవెట్టిన, మిగిలిన చెరకన్న దక్కింది. నీదే ఊరు బిడ్డా?" "బోధన్ కాకా, పిండి గిర్ని ముంగట." ఇంటికొచ్చి బెల్లం నోట్లో వేసుకుంటుంటే అవ్వ అడిగింది: "అది మీ సారుకిచ్చింది గాదురా?" "సారే తింటుండు" అన్నాను. బెల్లం చాలా బాగుంది.

నెల తిరగకముందే రుమాలు కాక ఫోన్ చేశాడు. పెద్ద సారుతో మాట్లాడాలని ఆఫీసువాళ్లను అడిగితే వాళ్లు నా నంబరు ఇచ్చారట. అదృష్టమో దురదృష్టమో, అప్పుడు మైకు ముందే కూర్చుని ఉన్నాను. "ఆగుండ్రి, సారుకిస్తున్న" అని, ల్యాప్‌టాప్ స్పీకరు పెంచి, ఫోనును దాని పక్కన పెట్టి, మైకులో మూతి ఆనించి "నమస్కారం" అన్నాను. నా మాట స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ మైకులోకి పోయి, మళ్లీ స్పీకర్లోకి వచ్చి, ఇల్లు దద్దరిల్లేలా "కూఁఁఁయ్" అని కూత పెట్టింది. వెంటిలేటర్లో పావురాలు లేచిపోయాయి. "సారూ! ఏమో అరుస్తుంది సారూ! నెమలా?" అంటున్నాడు అవతల రుమాలు కాక. నేను ఫోన్ కట్ చేశాను. మళ్లీ మోగితే ఎత్తలేదు.

ఫోనులో కుదరలేదు కనుక ఆయన మరుసటి రోజు మనిషే వచ్చాడు. పెద్ద సారు ఇల్లు తెలియదు కానీ, సారు దగ్గర పనిచేసే సన్నపిల్లగాని ఇల్లు గిర్ని ముందని తెలుసు. నేను అప్పుడు బొంత కింద ఉన్నాను. "లోపట రికార్డింగ్ చేస్తుండు, కూసోండ్రి" అని అవ్వ మంచినీళ్లిచ్చిందట. పావుగంట తర్వాత చెమటతో తడిసి, ముఖం ఎర్రబడి, బొంత తీసి తల బయట పెట్టేసరికి ఎదురుగా ఎర్ర రుమాలు. ఆయన జాలిగా చూసి, "సర్ది పట్టిందా బిడ్డా? ఆవిరి మంచిదే. పసుపేసినవా?" అన్నాడు. ఆయన చేతిలో నిలువుగా చీల్చిన చెరకు గడ ఉంది. లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్ల మచ్చలు. దూరానికే పులిసిన వాసన.

"గిది మా బావమర్ది చేన్లది" అన్నాడు. "గిదే చేన్ల నుంచి ఊరందరికి గడలు ముక్కలు కొట్టి విత్తనం ముచ్చెలు ఇస్తనంటుండు. ఎల్లుండి నరుకుతడు. నేను మొత్తుకున్న, ఇంటలేడు. నీ ఒక్కనికే తెలుసా అంటుండు. అవి నాటితే ఊరి చెరకంత పోతది బిడ్డా. పెద్ద సారు చెప్తే ఇంటరు. నన్ను ఆయన తాన్కి తీస్కపో. కాళ్లు మొక్కయినా తీస్కొస్త."

కాళ్లు మొక్కుతానన్న మాటకు నాకు సిగ్గేసింది. నా తండ్రికంటే పెద్ద మనిషి. "కాకా, పెద్ద సారు లేడు" అన్నాను. "యాడికి పోయిండు?" "యాడికీ పోలే. నేనే." ఆయన అర్థం కానట్టు నా వెనక గదిలోకి తొంగిచూశాడు. ఇక మాటలతో లాభం లేదనుకుని, మైకు దగ్గరగా పెట్టుకుని ఒక వాక్యం రికార్డు చేసి వినిపించాను. ల్యాప్‌టాప్ వంక, నా వంక, మళ్లీ ల్యాప్‌టాప్ వంక చూశాడు. ముఖంలో ఏ భావమూ లేదు. చివరకు అడిగాడు: "మరి బెల్లం?" "తిన్న కాకా." "మంచిగుండెనా?" "మస్తుండె." అప్పుడు రుమాలు విప్పి, ముఖం దానితో కప్పుకుని, భుజాలు ఎగిరేలా నవ్వాడు. వంటింట్లోంచి అవ్వ భయపడి పరుగెత్తుకొచ్చింది, ఏడుస్తున్నాడనుకుని.

నవ్వు ఆగాక ఆయన మైకును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. లోపల ఏముంటుందని అడిగాడు. అయస్కాంతం, తీగచుట్ట అని చెప్పాను. "నేను మాట్లాడినా లావైతదా?" అన్నాడు. ఎందుకో అప్పుడు తట్టింది నాకు. "కాకా, మీ బావమర్దికి నేనెందుకు చెప్పుడు? తెగులును కండ్లతోటి సూసినోళ్లు మీరు. మీరే చెప్పుండ్రి." ఆయన ముందు వద్దన్నాడు, తర్వాత చెప్పులు విప్పి బొంత కిందికి వచ్చాడు. మొదటిసారి చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచినట్టు "బావా!" అని అరిచాడు. తెర మీద గీతలన్నీ ఎర్రబడ్డాయి. నాలుగు వేళ్లు అడ్డం పెట్టి దూరం కొలిచి, పక్కన కూర్చున్న మనిషితో ముచ్చట చెప్పినట్టు చెప్పమన్నాను. రెండోసారి చెప్పాడు.

"బావా, నేను. కోపం చెయ్యకు. నీ చేన్ల గడ ఒకటి అడుగకుంట తెంపుకొచ్చిన. చీల్చి సూసిన. ఈ ఏడు నా చెరకు ఎట్ల ఎర్రగైందో గట్లనే ఉన్నది. ముక్కు తాన పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. నేను గుర్తువట్టలే, నా చెరకు సగం పోయింది. నీది గుర్తువట్టినంక సప్పుడు చెయ్యకుంటే ఎట్ల? ఎవలన్న సరే, ముచ్చెలు కొట్టే ముందు ఒక గడ చీల్చి సూడుండ్రి. ఎర్రగుంటే నాటకుండ్రి. గంతే." అంతే చెప్పాడు. నేను నేర్చుకున్న మందుల పేర్లు, శాతాలు అందులో ఒక్కటీ లేవు.

మేడంకు జరిగిందంతా చెప్పి ఆ రికార్డింగు పంపాను, ఉద్యోగం పోయినా సరే అనుకుంటూ. (నిజం చెప్పాలంటే అంత ధైర్యంగా ఏమీ అనుకోలేదు.) ఆమె రెండుసార్లు విన్నారట. మరుసటి పొద్దున ఏడు గంటలకు రుమాలు కాక గొంతు ఊరూరా మోగింది. ఊరందరి ముందూ తన పరువు తీశాడని బావమరిది కాకతో పది రోజులు మాట్లాడలేదట. కానీ గడ చీల్చి చూశాడు. ఒక్కటి కాదు, ఇరవై చీల్చాడట. ముచ్చెలు నరకలేదు. ఆఫీసుకు ఆ రోజు వచ్చిన ఫోన్లన్నీ ఒకటే ప్రశ్న: "గడ చీలిస్తే మాది కొంచెం గులాబి తీరుగున్నది, గదేనా ఇది?" మేడం నన్ను పిలిపించి, "గిసొంటోళ్లను ఇంకా పట్టుకురా" అన్నారు. ఆ తర్వాత మైకును సంచిలో వేసుకుని పసుపు రైతుల కోసం ముప్కాల్ వైపు, వరి రైతుల కోసం కందకుర్తి వైపు తిరిగాను. ఇళ్లలోనే, వాళ్ల బొంతల కిందే, వాళ్ల గొంతులు రికార్డు చేశాను. నా వంతు "నమస్కారం, ఈరోజు మాట్లాడుతున్నది ఫలానా" అన్న ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. కొన్నాళ్లు అసూయగా ఉండేది. అది కూడా పోయింది.

ఆ సంస్థ పని కొన్నేళ్లకు ముగిసిపోయింది. నేనిప్పుడు విత్తనాల దుకాణం నడుపుకుంటున్నాను. మొన్న పాత ల్యాప్‌టాప్ నుంచి ఫోటోలు తీస్తుంటే, రుమాలు కాక రాకముందు నేను చదివిన సందేశం ఒకటి దొరికింది. వేసి వింటుంటే, పక్కన కూరగాయలు తరుగుతున్న నా భార్య చెయ్యి ఆపి, "ఎవరీ పెద్దమనిషి? మస్తు నిమ్మళంగ చెప్తుండు" అంది. ఎవరో చెప్పాను. నమ్మలేదు. ఇంకోసారి వేయమంది, వేశాను. రెండోసారి విన్నప్పుడు నాకు ఆ లావు గొంతు కంటే, దానికి ముందున్న ఒక్క క్షణం బాగా వినిపించింది. మాట మొదలుపెట్టే ముందు, ఉక్కపోతలో ఎక్కడో, ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఒకడు గట్టిగా గాలి పీల్చుకుని, ఛాతీ విరుచుకుని, మీసం సవరించుకుంటున్నాడు.